ఎక్స్-2 మళ్ళీ ఆడుతున్నా, ఈసారి ఆ బటన్ నొక్కకూడదని ఉంది (స్పాయిలర్లు ఉన్నాయి)

వేళచ్చేరి వాసు
ఫైనల్ ఫాంటసీ ఎక్స్ గేమ్ (ఎక్స్-2 దాని సీక్వెల్) ముగింపు ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. సిన్ అనే రాక్షసిని చంపి లోకాన్ని కాపాడిన అమ్మాయి యూనా, కనుమరుగైపోతున్న తన ప్రియుడు టీడస్‌ని పరిగెత్తుకుంటూ వెళ్ళి పట్టుకోబోతుంది. అతని ఒంట్లోంచి దూసుకుపోయి కింద పడుతుంది. లేచి నిలబడి, వెనక్కి తిరక్కుండానే మనసులో మాట చెప్పేస్తుంది. తర్వాత అతను గాల్లో ఎగిరే ఓడ మీంచి దూకేస్తాడు. అంతే. అంతకంటే సరైన ముగింపు నేను ఏ గేమ్‌లోనూ చూడలేదు.

ఇప్పుడు హెచ్‌డీ రీమాస్టర్‌లో ఎక్స్-2 మళ్ళీ పెట్టాను. మూడో చాప్టర్ చివరికొచ్చా. యూనా ఫార్‌ప్లేన్‌లో, అంటే చనిపోయినవాళ్ళ లోకంలో, పడిపోయాక చీకట్లో ఒంటరిగా ఉంటుంది కదా, అక్కడ ఎక్స్ బటన్ నొక్కితే ఈల వినిపిస్తుంది. టీడస్ తిరిగి రావాలంటే అది నొక్కాలి. గేమ్ చివర్లో ఫేత్ (గుళ్ళలో కొలిచే ఆత్మ) కనిపించి అతన్ని మళ్ళీ చూడాలనుందా అని అడిగితే ఔననాలి. ఈసారి రెండుచోట్లా ఒప్పుకోకుండా పూర్తి చేద్దామనుకుంటున్నా. అతను తిరిగొస్తే మొదటి గేమ్ బరువు తగ్గిపోతుందని నా అభిప్రాయం. అలా ఆడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

కోడంబాక్కం కిట్టు
ఎక్స్‌లో క్రెడిట్స్ అయిపోయాక ఏమొస్తుందో మర్చిపోయారా? టీడస్ నీళ్ళలో కళ్ళు తెరిచి పైకి ఈదుతాడు. తిరిగి రావడమనేది సీక్వెల్ పుట్టించింది కాదు. విత్తనం 2001లోనే వేసి పెట్టారు.

వేళచ్చేరి వాసు
కిట్టు గారూ, ఆ సీన్‌కి ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. బతికాడనుకోవచ్చు, కలలోకి వెళ్ళాడనుకోవచ్చు. మనకి వదిలేశారు. ఎక్స్-2 వచ్చి ఆ తలుపు మూసేసింది.

బర్మాబజార్ బాషా
నేను ఎక్స్-2 మొదట ఆడింది బర్మా బజార్‌లో కొన్న డిస్క్ మీద, చిప్ వేయించిన పీఎస్2లో. థండర్ ప్లెయిన్స్ కచేరీ దగ్గరికి రాగానే డిస్క్ గిర్రున తిరిగి ఆగిపోయేది. గుడ్డతో తుడిచి, టూత్‌పేస్ట్ రాసి, డ్రైవ్‌ని తలకిందులుగా పెట్టి అన్నీ చేశా. నాకు సంబంధించినంతవరకు ఈ కథ నాలుగో చాప్టర్‌లోనే అయిపోయింది. టీడస్ వచ్చాడో లేదో వేరేవాళ్ళు చెబితే తెలిసింది.

మెమరీకార్డ్ 8ఎంబీ
తలకిందులు ట్రిక్ మా ఇంట్లో పనిచేసేది బాషా భాయ్. నిలువుగా నిలబెడితే ఇంకా బాగా చదివేది.

డార్క్‌నైట్ దివ్య
వాసు గారూ, ముగింపు సంగతి పక్కన పెట్టండి. ఈ గేమ్‌లో ఫైట్లు ఎంత బాగుంటాయో ఎవరూ చెప్పరేం? ఎక్స్‌లో మన వంతు వచ్చేదాకా శత్రువు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇందులో గేజ్ నిండుతూనే ఉంటుంది, మనం ఆలోచిస్తుంటే వాడు కొట్టేస్తాడు. ఫైట్ మధ్యలోనే డ్రెస్‌స్ఫియర్ (వేషంతోపాటు శక్తులు మార్చే గోళం) మార్చి మంత్రగత్తెని యోధురాలిగా చేసుకోవచ్చు. యూనాకి గన్నర్‌తో మొదలుపెట్టి, తన జట్టులోని రిక్కూకి ఆల్కెమిస్ట్, పేన్‌కి డార్క్‌నైట్ వేషం ఇస్తే ఇక తిరుగులేదు. ఆల్కెమిస్ట్ దగ్గరుండే స్టాష్ విద్యతో మెగా పోషన్లు (గాయాలు మాన్పే మందులు) ఎన్నయినా, సంచిలోంచి ఒక్కటి కూడా ఖర్చు కాకుండా.

కోడంబాక్కం కిట్టు
పేరులోనే ఉంది ఈవిడ పక్షపాతం.

నెల్లూరోడు
నాకు మాత్రం సీక్వెల్ అంటే జనార్కండ్ అనే పాడుబడ్డ నగరం. ఎక్స్ మొదలయ్యేదే ఆ శిథిలాల మధ్య మంట చుట్టూ కూర్చున్న మనుషులతో. అక్కడికి చేరాక ఏం జరుగుతుందో తెలిసి మనకి గుండె జారిపోతుంది. యూనా లాంటి సమ్మనర్లు (సిన్‌ని ఆపడానికి దైవశక్తుల్ని పిలిచేవాళ్ళు) ప్రాణాలివ్వడానికి నడిచి వెళ్ళే చోటు అది. ఎక్స్-2లో అక్కడికెళ్తే టూరిస్టులు తిరుగుతుంటారు. గైడ్ ఎవరు? ఇసారు. ఒకప్పుడు యూనా లాగే ప్రాణం ఇవ్వడానికి బయల్దేరిన సమ్మనర్. యూనా ముఖం చూడాలి అప్పుడు.

కాలేజీలో ఆడినప్పుడు ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఒకసారి చెన్నై నుంచి రామేశ్వరం వెళ్ళి, అటు నుంచి ధనుష్కోడి చూశాం. 1964 డిసెంబర్ తుఫానులో కొట్టుకుపోయిన ఊరు. పాంబన్ నుంచి వస్తున్న రైలు కూడా ఆ రాత్రి సముద్రంలో కలిసిపోయింది. చర్చి గోడలు కొన్ని, రైల్వే స్టేషన్ మొండిగోడలు మిగిలాయి. ఆ గోడల పక్కనే గవ్వలు, శంఖాలు, గవ్వలతో చేసిన అద్దం ఫ్రేములు అమ్ముతున్నారు. మా ముందున్న కుటుంబం చర్చిలో బలిపీఠం ఉండాల్సిన చోట పిల్లాణ్ణి నిలబెట్టి ఫోటో తీస్తోంది. నాకు కోపం వచ్చింది. గవ్వల కొట్టు ముసలావిడతో మాట కలిపితే, వాళ్ళ ఆయన చేపలు పడతాడట, వేట లేని రోజుల్లో ఈ కొట్టే ఆధారమట. ఆ తర్వాత ఇసారు మీద కోపం ఎలా నిలుస్తుంది? సిన్ పోయింది, లోకమంతా పండగ చేసుకుంది, సమ్మనర్లకి మాత్రం పని పోయింది. ఇంకో సమ్మనర్ డోనా ఇంట్లో కూర్చుంది, ఆవిడా, ఆవిడ రక్షకుడు బార్తెల్లో చెరో పార్టీలో చేరి గొడవపడి విడిపోయారు. ఇసారుకి తెలిసింది ఆ దారి ఒక్కటే, అదే జనానికి చూపించి బతుకుతున్నాడు.

వాసు, సీక్వెల్ బరువు తగ్గించింది అంటున్నావు. నాకైతే ఇంకో బరువు పెట్టింది అనిపిస్తుంది.

వేళచ్చేరి వాసు
ఇసారు మాట ఒప్పుకుంటా అన్నా. జనార్కండ్ సీన్ ఈ గేమ్‌లో అత్యుత్తమం. అందుకే నా బాధ. అంత నిజాయితీగా మొదలుపెట్టి చివరికి వచ్చేసరికి పోయినవాణ్ణి తెచ్చి చేతిలో పెట్టడం దేనికి?

తిరుత్తణి టర్బో
ఆ జనార్కండ్‌లోనే కోతులకి జతలు కుదిర్చే మిషన్ కూడా ఉంది, మర్చిపోకండి. కోతులు పెరిగితే టూరిస్టులు పారిపోతారు. తిరుత్తణి కొండ మీద పెరిగినవాడిగా చెబుతున్నా, ఇంతకంటే వాస్తవికమైన మిషన్ గేముల చరిత్రలో లేదు.

మెమరీకార్డ్ 8ఎంబీ
😂😂 కొబ్బరిచిప్ప గట్టిగా పట్టుకోండి.

పారిస్ కార్నర్ పవన్
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటా. ఎక్స్ తర్వాత ఆ మొదటి సీన్ చూడగానే డిస్క్ తీసేశా. స్పైరా లోకాన్ని కాపాడిన అమ్మాయి స్టేడియంలో మైకు పట్టుకుని డాన్స్ చేస్తోంది. తర్వాత చూస్తే అక్కడున్నది యూనా వేషంలో ఉన్న ప్రత్యర్థి ముఠా నాయకురాలు లబ్లాంక్. సరే, అయినా గేమ్ మొత్తం అదే వరస. పాటలు, డ్రెస్సులు, ముగ్గురూ కలిసి పోజులు. ఎక్స్‌కి చేసిన ఉయెమత్సు సంగీతం కూడా లేదు, వేరే ఇద్దరు చేశారు. చిన్న టీమ్‌తో, పాత గేమ్ మ్యాపులే మళ్ళీ వాడి, ఎక్స్ వచ్చిన రెండేళ్ళు తిరక్కుండానే జపాన్‌లో బజారుకి తెచ్చేశారు. 2003 ఏప్రిల్‌లో ఈ గేమ్ తీసిన స్క్వేర్ కంపెనీ, ఎనిక్స్ కలిసిపోయాయి, దానికి సరిగ్గా ముందు మార్చిలో ఇది వచ్చింది. డబ్బుకోసం తీసింది అని తెలుస్తూనే ఉంది.

కోడంబాక్కం కిట్టు
పాత మ్యాపులు వాడారు, నిజమే. కానీ పవన్, ఈ కథకి అదే కావాలి. అదే ఊరికి రెండేళ్ళ తర్వాత వెళ్తున్నాం. యూనా ఊరు బెసైడ్‌లో అదే దారి, అదే గుడి, లోపల ఫేత్ లేదు. మాకలానియా అడవి అదే, కాకపోతే ఫేత్ పోయినందువల్ల వెలుగు తగ్గి చచ్చిపోతోంది. అక్కడి గుడి సరస్సులో మునిగిపోయింది. కొత్త మ్యాపులు ఇచ్చుంటే ఈ దిగులు వచ్చేదే కాదు.

సిరి పెరంబూర్
నేను ఇక్కడ చదవడమే తప్ప రాయను. పవన్ గారి పోస్ట్ చూశాక రాయాలనిపించింది.

మా అమ్మకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. నేనే తీసుకెళ్ళేదాన్ని, నేనే వంట. ఉప్పు కొలిచి, నీళ్ళు కొలిచి ఇవ్వాలి. కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండాలి. కంపెనీ వాళ్ళు విదేశానికి పంపిస్తామంటే వద్దన్నా, పెళ్ళి మాట వస్తే తర్వాత అన్నా. అందరూ మెచ్చుకునేవాళ్ళు. కూతురంటే అలా ఉండాలి అని. అమ్మ పోయాక నాకు పొద్దున లేస్తే ఏం చేయాలో తెలిసేది కాదు. డయాలసిస్ రోజు వస్తే అలవాటుగా అయిదింటికే మెలకువ వచ్చేది, లేచి గ్లాసు కొలత చూసి పెట్టేదాన్ని. కొన్ని నెలలకి జుట్టు కత్తిరించుకున్నా. డాన్స్ క్లాసులో చేరా. చీరలు పక్కన పెట్టి నాకు నచ్చిన బట్టలు కొనుక్కున్నా. అప్పుడు మెచ్చుకున్నవాళ్ళే, ఇంత తొందరగానా అన్నారు. మా పిన్ని అయితే ఫోన్‌లో మీ అమ్మ చూస్తే ఏమనుకుంటుంది అని అడిగింది.

ఆ రోజుల్లోనే తమ్ముడి పీఎస్4లో ఎక్స్-2 పెట్టుకున్నా. మొదటి గేమ్‌లో యూనా నవ్వడం కూడా జనం కోసమే. సమ్మనర్ దిగులుగా ఉంటే ఊళ్ళు భయపడతాయని. చనిపోవడానికి పదిహేడేళ్ళకే తయారైన అమ్మాయి. ఎక్స్-2లో ఆ అమ్మాయి పొట్టి బట్టలేసుకుని, రెండు తుపాకులు పట్టుకుని, ఫ్రెండ్స్‌తో ఓడలో తిరుగుతూ పాడుతుంటే నాకు ఒక్క క్షణం కూడా తేలిగ్గా అనిపించలేదు. చావాల్సిన మనిషి బతికి ఉంది. బతకడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. డ్రెస్సులు ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూసుకుంటోంది. మీకు అది డబ్బుకోసం తీసినట్టు కనిపించింది. నాకు నా అద్దం కనిపించింది.

నెల్లూరోడు
సిరి గారూ, రాసినందుకు థాంక్స్ అండి. ఇంకేం చెప్పాలో తెలియడం లేదు.

పారిస్ కార్నర్ పవన్
అక్కా, మీరు చెప్పింది గౌరవంతో చదివాను. యూనా గురించి మీ మాట సబబే. నా అభ్యంతరం కథ మీద కంటే తీసిన పద్ధతి మీద అనుకోండి.

డార్క్‌నైట్ దివ్య
అక్కడ నేను పవన్‌తోనే ఉంటా. యూనా తనకి నచ్చినట్టు ఉండటం వేరు, కెమెరా ఎక్కడ పెట్టారన్నది వేరు. గాగజెట్ కొండ మీది వేడినీళ్ళ గుండం సీన్, లబ్లాంక్‌కి మసాజ్ చేసే మినీగేమ్, ఇవి యూనా కోసం పెట్టినవి కావు, చూసే మగపిల్లల కోసం పెట్టినవి. సిరి చెప్పిన కథ ఆ గేమ్‌లో ఉంది. దాని మీద ఈ మసి కూడా ఉంది. నాకు ఇష్టమైన గేమే కాబట్టి గట్టిగా చెబుతున్నా.

సిరి పెరంబూర్
దివ్యా, నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ సీన్లు తమ్ముడు ఇంట్లో ఉండగా ఆడలేకపోయా.

మెమరీకార్డ్ 8ఎంబీ
అది సరే, ఓడ నడిపే బ్రదర్ (వాడి పేరే అది) అరుపుల సంగతో? ఓడలో వాడు అరిస్తే మా అత్తగారు పక్క గదిలోంచి వచ్చి ఎవరికేమైంది నాయనా అని అడిగారు.

వేళచ్చేరి వాసు
సిరి గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివా. ఒక్క మాట అడగొచ్చా? మీరు ఆ బటన్ నొక్కారా?

సిరి పెరంబూర్
నొక్కాను వాసు గారూ. ఎందుకంటే, ఎక్స్ మొత్తం యూనాకి ఏం చేయాలో చెప్పేవాళ్ళే. గుడి చెబుతుంది, మతపెద్దలైన మెస్టర్లు చెబుతారు, వాళ్ళలో ఒకడైన సేమోర్ పెళ్ళి చేసుకోమంటాడు, తొలిసారి సిన్‌ని ఆపిన సమ్మనర్ యునలెస్కా ఎవర్ని బలివ్వాలో ఎంచుకోమంటుంది. నీకేం కావాలి అన్న ధోరణిలో మాట్లాడింది టీడస్ ఒక్కడే. ఎక్స్-2 చివర్లో ఫేత్ వచ్చి నీకు అతన్ని చూడాలనుందా అని అడుగుతుంది. అంతకుముందు ప్రాణాలడిగిన ఫేత్‌లే అవి. ఆ ప్రశ్న వేసినందుకే నాకు ఏడుపొచ్చింది. అతను రావడం, రాకపోవడం నాకు ఆ తర్వాతి సంగతి.

కోడంబాక్కం కిట్టు
ఇది నాకెప్పుడూ తట్టలేదు. భలే చెప్పావమ్మా.

వేళచ్చేరి వాసు
ప్రశ్న వేయడం ముఖ్యమైతే, వద్దు అనడం కూడా యూనా హక్కే కదండీ? వద్దంటే తను సెల్సియస్ ఓడకి తిరిగొచ్చి రిక్కూ, పేన్‌లతో ఎగిరిపోతుంది. అది ఓడిపోయిన ముగింపు కాదు. అతను లేకుండా కూడా తన బతుకు నిండుగా ఉందని చెప్పినట్టు. నాకు అది ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది.

సిరి పెరంబూర్
అలా అయితే వద్దనండి. కానీ టీడస్ మొదటి గేమ్‌ని పాడుచేస్తాడని కాకుండా, యూనాకి అవసరం లేదని వద్దనండి.

నెల్లూరోడు
👏

తిరుత్తణి టర్బో
హెచ్‌డీ ఎడిషన్‌లో పెట్టిన ఆడియో డ్రామా వింటే మీ ఇద్దరికీ మనసు విరిగిపోతుంది. ఎక్స్-2 తర్వాత ఏడాదికి జరిగే కథ. అందులో యూనా, టీడస్ విడిపోయారని, సిన్ మళ్ళీ వచ్చిందని చెబుతారు.

కోడంబాక్కం కిట్టు
మా ఇంట్లో ఆ ఆడియో డ్రామాకి ప్రవేశం లేదు.

మోడరేటర్
ఆడియో డ్రామా గురించి విడిగా చర్చ దారం ఉంది. అక్కడికెళ్ళి కొట్టుకోండి.

పారిస్ కార్నర్ పవన్
వాసు వద్దన్నా కావాలన్నా అసలు ముగింపు ఎలాగూ దక్కదు. జనార్కండ్‌లో వాళ్ళిద్దరూ మాట్లాడుకునే చివరి సీన్‌కి 100 శాతం పూర్తవ్వాలి. మష్రూమ్ రాక్‌లో మేచెన్ తాత చెప్పే చరిత్ర మధ్యలో ఆపితే కూడా శాతం తగ్గుతుంది. పెద్దాయన మాట పూర్తిగా విననందుకు ముగింపు ఇవ్వరు! ఇది అన్యాయం. ఆఫీసుకెళ్ళొచ్చి ఆడేవాళ్ళకి వాక్‌త్రూ (దారి చెప్పే గైడ్) ఒళ్ళో పెట్టుకుని ఆడాల్సిన కర్మ ఏంటి?

నెల్లూరోడు
న్యూ గేమ్ ప్లస్ ఉందిగా. మొదటిసారి వచ్చిన శాతం అలాగే నిలుస్తుంది. రెండోసారి మిగిలినవి చూసుకోవచ్చు. కథలో పోటీపడే రెండు పార్టీల్లో, మొదటిసారి స్ఫియర్‌ని (పాత దృశ్యాలు దాచిన గోళం) యూత్ లీగ్‌కి ఇచ్చుంటే రెండోసారి న్యూ యెవాన్‌కి ఇవ్వాలి. రెండు పక్షాల మాటా వినకుండా స్పైరా గురించి తెలిసిందనుకోకూడదని వాళ్ళ ఉద్దేశం. వాక్‌త్రూ లేకుండా మొదటి ఆటలోనే అన్నీ పట్టుకోవడం మాత్రం కష్టమే, అక్కడ పవన్ కరెక్ట్.

డార్క్‌నైట్ దివ్య
నాలుగో చాప్టర్ ఒక్కటి దాటితే చాలు. కామ్‌స్ఫియర్లు (ఊళ్ళల్లో పెట్టిన కెమెరా గోళాలు) ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ కూర్చోవాలి. ఏమీ జరగదు.

కోడంబాక్కం కిట్టు
దివ్యా, నాకు ఆ చాప్టరే ప్రాణం. కెమెరా పెట్టి ఊళ్ళు చూస్తున్నాం. ఒక చోట ఎవరో కబుర్లు చెప్పుకుంటుంటారు, ఇంకో చోట ఎవరో ఊరికే నిలబడి ఉంటారు. వెయ్యేళ్ళు సిన్ ఎప్పుడొస్తుందో అని సముద్రం వైపు చూసిన జనం వీళ్ళు. ఏమీ జరగని మధ్యాహ్నం అనేది వీళ్ళకి మొదటిసారి దొరికింది. అది చూడటానికి నాకు విసుగు రాదు. 2015 చెన్నై వరదల తర్వాత కరెంటు వచ్చి, నీళ్ళు దిగి, కింద వీధిలో ఇడ్లీ బండి మళ్ళీ పెట్టిన రోజు మేడ మీంచి ఎంతసేపు చూశానో నాకే తెలుసు.

డార్క్‌నైట్ దివ్య
కిట్టు గారూ, ఇలా చెబితే ఆ చాప్టర్ మళ్ళీ ఆడాల్సి వస్తుంది నాకు. వద్దు.

బర్మాబజార్ బాషా
ఈ దారం చదివి నిన్న రీమాస్టర్ కొన్నా. నేరుగా కచేరీకి వెళ్ళే దారి లేదు కదా, మొదటినుంచి ఆడుతున్నా. తట్టుకోలేక ఆ ఒక్క సీన్ వీడియో మాత్రం చూసేశా. థండర్ ప్లెయిన్స్‌లో రెండు పార్టీలవాళ్ళూ ఒకేచోట నిలబడ్డారు. యూనా పాడుతుంటే వెనకాల వెయ్యేళ్ళ కిందటి గాయని లెన్ కనిపిస్తుంది, అప్పటి యుద్ధం, ఆమెనీ ఆమె ప్రియుడు షుయిన్‌నీ తుపాకులు చుట్టుముట్టడం. ఈ గేమ్ విలన్ షుయిన్ ఎందుకంత పగతో ఉన్నాడో అప్పుడు అర్థమైంది నాకు. ఇది తెలియకుండా ఇన్నేళ్ళు ఈ గేమ్ గురించి వాదించా మనుషులతో.

పారిస్ కార్నర్ పవన్
భాయ్, ఆ సీన్ బాగుంటుంది. అంతవరకు నేనూ కాదనను.

గిండీ గౌతమ్
కొత్తవాణ్ణి. ఎక్స్ ఆడకుండా నేరుగా ఎక్స్-2 ఆడొచ్చా? ఆఫీస్ ల్యాప్‌టాప్ కాదు, సొంత పీసీ ఉంది.

తిరుత్తణి టర్బో
పీసీ వెర్షన్‌లో రెండూ కలిపే ఇస్తారు. ఫైట్ల వేగం పెంచుకునే సదుపాయం కూడా ఉంది, ఆఫీసుకెళ్ళేవాళ్ళకి అదే ఆధారం.

కోడంబాక్కం కిట్టు
ఎక్స్ ముందు ఆడు బాబూ. తొందరపడకు. మాకలానియా అడవికి వచ్చినప్పుడు ఫైట్లు పక్కన పెట్టి కాసేపు ఆ వెలుతురులో తిరుగు. యూనాకి రక్షకుడైన కిమారీతో కూడా పరిచయం బాగా పెంచుకో. ఎక్స్-2లో అతను రోన్సో జాతి పెద్ద అవుతాడు, కుర్రాళ్ళు గ్వాడో జాతి మీద పగ తీర్చుకుంటామని అతన్ని పీక్కుతింటుంటారు. అప్పుడు నీ సలహా అడుగుతాడు. చూసి చెప్పు.

గిండీ గౌతమ్
తప్పు సలహా ఇస్తే?

నెల్లూరోడు
రోన్సోలు గ్వాడోల మీద పడతారు. రెండు సేవ్‌లు పెట్టుకో.